మా యింటి కారు పద్దు

ఇంటిలోని వస్తువులలో నిల్లాలి యాలన పాలన లేక నిలుచునది యరుదు. ఆవకాయ జాడీ మొదలుకొని పట్టుచీరల పెట్టె వరకు ఏది యెప్పుడు చెడునో, దేనికి చెమ్మ శత్రువో, దేనికి పురుగు శత్రువో మనకు దెలిసినంతగా నింటిలో మరియొకరికి దెలియదు. అయినను వాకిట షెడ్డులో నిలిచియుండు కారు జోలికి మాత్రము మనము పోము. అది మగవారి సొమ్మనియు, దాని మరమ్మతు మేస్త్రి పనియనియు, వెనుక సీటులో గూర్చుండుటయే మన వంతనియు తలంతుము. మేమును ముప్పదియేండ్లకు పైగా నట్లే తలంచితిమి. ఆ యజాగ్రత్త మా కుటుంబమును 2003వ సంవత్సరమున వశిష్ఠ గోదావరి యొడ్డున నొక గండమునకు దెచ్చినది. ఆ గండము గడచిన పిమ్మట నేర్చుకొన్న సంగతులను గడచిన మాఘమాసమున రాజమహేంద్రవరమున నొక చిన్నసభలో జెప్పితిమి. వానినే యిచ్చట వ్రాయుచున్నాము.

సభ యనగా గొప్పసభ గాదు. గోదావరి జిల్లాలలో పాతకార్లను నిలుపుకొన్న కొన్ని కుటుంబములవారు ఏటికొకటి రెండు మారులు కలిసికొని, బండ్లను వరుసగా నిలిపి, ఒకరి బండి నొకరు చూచుకొని, కలిసి భోజనము చేసి పోవుదురు. భోజనమునకు ముందెవరైన లేచి కొంతసేపు ప్రసంగింతురు. మేము విన్న ప్రసంగములలో నెక్కువ భాగము బండ్ల వెలలను గూర్చియు, రంగుల మెఱుగులను గూర్చియు, ఏ బండి పూర్వ మే శ్రీమంతుల యింట నుండెనను దానిని గూర్చియు సాగినవి. వినుట కింపుగానే యుండును. కాని యింటికి మరలిన పిమ్మట బండికి జేయవలసిన పని యొక్కటియు దానివలన దెలియదు. ఈ మారు మమ్ము మాటలాడుమని కోరగా, తప్పించుకొనక, పాతబండ్ల పోషణమును మరమ్మతును గూర్చి యిట్టి సభలలో జెప్పదగిన యైదు విషయములను వ్రాసి కొనిపోయితిమి. ఆ యైదింటికిని మూలము మా మామగారి పద్దుపుస్తకము.

మా యూరు కోనసీమలో రాజోలు దాపున నున్నది. మా మామగారు 1968లో అంబాసిడరు మార్కు టూ కారును గొనిరి. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారు నాధారముగా గొని, కలకత్తా దాపున ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు 1957 మొదలు 2014 వరకు తయారుచేసిన బండి యిది. ఆ దినములలో కారు కావలెనన్న సొమ్ము ముందుగా గట్టి, సంవత్సరముల కొలది కాచుకొనవలసి యుండెను. అట్లు కాచుకొని తెచ్చుకొన్న వస్తువగుటచే మా మామగారికి దానిపై నింత ప్రీతి. మేము 1971లో కాపురమునకు వచ్చునప్పటికే పొలము లెక్కలతోబాటు కారునకును వేరుగా నొక పద్దుపుస్తక ముండెను. ఎడమపుటను తేదీయు, బండి తిరిగిన దూరమును; కుడిపుటను జేసిన పనియు, దానికైన ఖర్చును. గ్రీజు పెట్టించినది, ప్లగ్గులు తుడిపించినది, ఇంజను ఆయిలు మార్పించినది, బ్రేకు ఆయిలు మార్పించినది, అన్నియు నందు గలవు. "మనుమల పుట్టినరోజులు జ్ఞాపకముండవు గాని యీయనకు కారు గ్రీజు తిథి మాత్రము జ్ఞాపకమే" అని మా యత్తగా రెత్తిపొడుచుచుండిరి. మేమును జాటున నవ్వుకొనెడివారము.

ఆ పద్దు విలువ మాకు కొంత దెలిసినది 1986 ఆగస్టు వరదలలో. ఆ యేట ధవళేశ్వరము ఆనకట్ట వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించినది. ఏటిగట్లు తెగి గ్రామము లనేకములు మునిగినవి. మా వాకిట మొలలోతు నీరు. పిల్లలను, ధాన్యమును మేడమీదికి జేర్చితిమి; పశువులను గట్టుమీదికి దోలించితిమి; కారు నెచ్చటికి జేర్తుము? నీరు దీసిన నాడు చూడగా సీట్లపై వేలెడు మందమున నొండ్రు పేరుకొని యున్నది. మావారు కొత్త బ్యాటరీ పెట్టి వెంటనే స్టార్టు చేసి చూతమని తొందరపడిరి. అంతలో మా మామగారికి చిరపరిచితుడైన మేస్త్రి రాజోలునుండి గట్టు వెంబడి నడచివచ్చి చేయి యడ్డముపెట్టెను. "బాబుగారూ, మునిగినందుకు బండి పోదండి, తొందరపడి స్టార్టు చేస్తే పోద్దండి" అనెను.

కారణము మా కతడే చెప్పెను. నీరు గాలివలె నణగునది గాదు. సిలిండరులలో నీరుండగా నింజను త్రిప్పినచో పిస్టనులు దానిని నొక్కజాలక కనెక్టింగు రాడ్లు వంగిపోవును. ఒండ్రు కలిసిన నూనె లోపలి భాగములను గరుకు కాగితమువలె గీచివేయును. కాబట్టి యతడు మొట్టమొదట బ్యాటరీ తీగలు విప్పెను. ప్లగ్గులు నాలుగును దీసి, ముందువైపు హ్యాండిలుతో నింజనును మెల్లగా ద్రిప్పి నీటిని వెడలించెను. ఇంజను, గేరుబాక్సు, వెనుక ఇరుసు, ఈ మూటిలోని నూనెలను, టాంకులోని పెట్రోలును దీయించివేసెను. చక్రముల డ్రమ్ములు విప్పి యొండ్రు కడిగించెను. సీట్లలోని కొబ్బరిపీచు దీసి యెండబెట్టి, కుళ్లిన దానికి బదులు కొత్తపీచు పెట్టించెను. మా సీమలో పీచునకు గొదువలేదు గదా. కొత్తనూనె పోసి కొంచెముసేపు నడిపి, ఆ నూనెనుగూడ దీసి మరల గొత్తది పోసెను. మూడువారములు గడచిన పిమ్మట బండి కదలినది. మా మామగారు చేసిన ప్రతి పనియు వరుసగా పద్దులో వ్రాసికొనిరి. ఆ పుటలపై నేటికిని ఒండ్రుచేతి వ్రేలిముద్రలు గలవు.

మా మామగారు 1994లో కాలధర్మము నొందిరి. మేస్త్రియు వార్ధక్యముచే పని మానుకొనెను. పద్దుపుస్తకము అటకెక్కినది. బండిని మే మశ్రద్ధ చేసితిమని యెవరును అనజాలరు. ఏలయన దినదినము తుడిపించెడివారము, కొత్తరంగు వేయించితిమి, సీట్లకు దెల్లని గలేబులు కుట్టితిమి. పెండ్లిండ్లకు బంధువు లడిగి తీసికొనిపోవుచుండిరి. చూచినవారెల్లరు "కొత్తదానివలె నున్నది" అనెడివారు. మేమును మురిసితిమి.

2003 వేసవిలో మా పెద్దమ్మాయి వివాహము కుదిరినది. శుభలేఖ లిచ్చుటకు నరసాపురము పోవలసి, సఖినేటిపల్లి రేవునకు బోతిమి. రాజోలు సీమనుండి వశిష్ఠను దాటి నరసాపురము పోవువా రచ్చట పంటెక్కుదురు. కారులనుగూడ పంటుమీదనే దాటింతురు. రేవులో గట్టునుండి నీటివరకు వాలుగా దారి యుండును. బండి నడుపుచున్నది మావారు; ప్రక్కను మా యత్తగారు; వెనుక మేమును, మా యిద్దరమ్మాయిలును. పంటు ఇంకను ఆవలియొడ్డుననే యున్నది. వాలులో సగము దిగునప్పటికి మావారి పాదము క్రింద బ్రేకు పెడలు మెత్తగా నేలవరకు దిగిపోయినది. మరల రెండుమార్లు త్రొక్కిరి. "బ్రేకు లేదు" అని యొక్కమాట యనిరి. ఎదుట నీరు తప్ప మరేమియు లేదు. మా యత్తగారు అంతర్వేది నరసింహస్వామిని బిలిచిరి. మేము పిల్లల నిద్దరిని రెండుచేతులతో బట్టుకొంటిమి. అంతకన్న జేయుటకు మాకేమియు దెలియదు.

మావారు గేరు మొదటిదానికి దిగజార్చి, హ్యాండు బ్రేకును బలముకొలది లాగిరి. హ్యాండు బ్రేకునకు నూనెతో పనిలేదు. అది తీగచే వెనుక చక్రములను బట్టునది. బండి వేగము తగ్గినదేగాని నిలువలేదు. రేవులో పని జేయు కుఱ్ఱవాడొకడు పరుగెత్తి వచ్చి ముందు చక్రము క్రింద నొక దుంగను ద్రోసెను. బండి దానిపై నెక్కబోయి యాగినది. దిగి చూడగా చక్రమునకును నీటికిని నడుమ బారెడు దూరమైనను లేదు.

బండిని మరియొక బండికి గట్టి యింటికి దెచ్చి చూపింపగా తెలిసినదేమనగా: వెనుక చక్రములో బ్రేకును నొక్కు చిన్న సిలిండరు లోపల ద్రుప్పుపట్టి, రబ్బరు చిరిగి, బ్రేకు ఆయిలు కొంచెము కొంచెముగా గారిపోవుచుండెను. నెలదినములుగా షెడ్డు నేలపై నా చక్రము దగ్గర నొక తడిమరక యుండుట మేము చూచితిమి. ఎవరో నూనె యొలకబోసి యుందురని తలంచి, పనిమనిషిచే ఊక చల్లించి యూడ్పించితిమి. ఒకనాడు గాదు, నాలుగైదు మార్లు. బండి తన బాధను మాకు నేలపై వ్రాసి చూపుచుండగా మేము దానిని తుడిపివేసితిమి. ఈ తప్పు మేస్త్రిది కాదు, మావారిది కాదు, మాది.

మావారు బండిని పాతయినుమున కిచ్చివేయుదమనిరి. బేరగాడును వచ్చి చూచిపోయెను. ఆ రాత్రి అటకమీది పద్దుపుస్తకమును దింపి చూచితిమి. బ్రేకు ఆయిలు మార్పించిన కడపటి తేదీ 1993. పదియేండ్లు! మా మామగారు వ్రాసిన కాలమున రెండేండ్ల కొకసారి తప్పక యున్న పని, ఆయన చేయి యాగినతోడనే యాగిపోయినది. బండి ముసలిదగుటచే బ్రేకు పోలేదు. పద్దు నిలిచిపోవుటచే పోయినది. మరునాటి యుదయమున మావారితో, "ఒక్క యేడు గడువిండు, ఈ పద్దు మేము వ్రాయుదుము. అప్పటికిని మీకు నమ్మకము కలుగనియెడల నిచ్చివేయుదురుగాక" అంటిమి. ముసలిమేస్త్రిని పిలిపించి షెడ్డులో కుర్చీ వేసితిమి. అతడు కుర్చీలో గూర్చుండి వ్రేలితో జూపుచు జెప్పుటయు, మేము వినుచు వ్రాసికొనుటయు. పని జేయుటకు వేరొక కుఱ్ఱమేస్త్రి. ఆ యేడు గడచినది. బండి నేటికిని మా యింటనే యున్నది.

ఇక సభలో మేము చెప్పిన యైదు విషయములు.

మొదటిది బ్రేకు. ఇట్టి సభలలో మొదటి ప్రసంగ మెల్లప్పుడు దీనిని గూర్చియే యుండవలెనని మా యభిప్రాయము. పెడలు త్రొక్కినప్పుడు మాస్టరు సిలిండరులోని నూనె గొట్టముల గుండ నాలుగు చక్రములకును బోయి బ్రేకులను నొక్కును. నేటి బండ్లలో నీ నూనెకు రెండు వేరు మార్గము లుండును. ఒకటి పోయినను రెండవది కొంత కాపాడును. మా బండి వంటి పాతవానిలో మార్గ మొక్కటే. ఒక్కచోట గారినను నాలుగు చక్రముల బ్రేకులును బోవును. ఇక నీ నూనె గుణము: వానకాలమున మన యుప్పుజాడీ యెట్లు చెమ్మగిల్లునో యిదియు నట్లే గాలిలోని తేమను బీల్చుకొనును. ఆ తేమ లోపలి యినుమును ద్రుప్పుపట్టించును. బ్రేకు వేడెక్కినప్పుడు ఆవిరియై పెడలును మెత్తబరచును. బండి తిరిగినను దిరుగకున్నను రెండేండ్లకు నూనె మార్చవలెననుటకు హేతు విదియే. మరియొక నూనె నెన్నడును దానిలో బోయరాదు. ఇంజను ఆయిలు చుక్క పడినను రబ్బరు లుబ్బిపోవును. బ్రేకు ఆయిలు రంగుపై బడినచో రంగు లేచిపోవును. వెంటనే నీటితో గడుగవలెను. డ్రమ్ములలోని పొడిని నోటితో నూదరాదు. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండెడిది, అది యూపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో దీయవలెను.

ఇల్లాలు చేయదగిన పరీక్షలు రెండు. బండి కదలుటకు ముందు పెడలును గట్టిగా ద్రొక్కి ముప్పది లెక్కించునంతవరకు పట్టియుంచుడు; అది మెల్లగా దిగుచున్నచో నాడు ప్రయాణము మానుడు. రాత్రి బండి క్రింద పాత వార్తాపత్రికలు పరచుడు. ఉదయమున వానిపై నెక్కడ మరక యున్నదో చూడుడు. మా షెడ్డులో ఊక చల్లుట మానివేసి యిరువదేండ్లు దాటినది.

రెండవది చెమ్మ. మా కోనసీమ గాలిలో నుప్పు, నేలలో దేమ. రంగు పైకి మెఱయుచుండగనే తలుపుల యడుగునుండి త్రుప్పు తినును. తలుపుల క్రింద నీరు పోవుటకు సన్నని రంధ్రములుండును. దుమ్ముచే నవి పూడినచో వాననీరు లోపలనే నిలుచును. నెలకొకసారి చీపురుపుల్లతో వానిని బొడువుడు. ఇంతకన్న జౌక మరమ్మతు లోకమున లేదు. సముద్రతీరమునకు బోయివచ్చిన నాడు బండి పైభాగముకన్న క్రిందిభాగమును మంచినీటితో గడుగుట ముఖ్యము. కాళ్లక్రింది పట్టలను వానకాలమున నెత్తి యారబెట్టవలెను. షెడ్డులోని బండిపై టార్పాలిను బిగించి కప్పినచో చెమ్మను లోపల బంధించినట్లే. పాత నూలుదుప్పటి చాలును. కొబ్బరిచెట్టు క్రింద బండి నిలుపుట మా సీమలో నెవరికిని చెప్పనక్కరలేదు గాని, వచ్చిన చుట్టములకు మాత్రము చెప్పవలసియే యున్నది.

రేడియేటరు నీటి సంగతియు నిచ్చటనే చెప్పవలెను. కాలువనీటిలో నొండ్రు, మా తీరమున బావులలో నుప్పు. స్నానమునకు నీళ్లు కాగు పాత్ర యడుగున దెల్లనిపొర యెట్లు గట్టునో రేడియేటరు గొట్టములలోను నట్లే గట్టి, బండి వేసవిలో గాగిపోవును. డిస్టిల్డు వాటరులో కూలెంటు కలిపి పోయుడు. బండి వేడిగా నున్నప్పుడు మూత తీయుట మరుగుచున్న గంజి ముఖముపై బోసికొనుటతో సమానము.

మూడవది పెట్రోలు. మన దేశమున సీసము కలిసిన పెట్రోలు 2000 సంవత్సరముతో నాగిపోయినది. ప్రజారోగ్యమునకది మేలే; కాని పాత యింజనులలో వాల్వులు కూర్చుండు చోట్ల నరుగకుండ గాచుచుండినది యా సీసమే. కావున పాతబండిని మిక్కిలి వేగముగా జాలదూరము తోలరాదు. వాల్వుల సందును మేస్త్రిచే నియమముగా జూపించి, ప్రతిమారు నది తగ్గుచున్నచో హెడ్డును దింపి గట్టి లోహపు సీట్లు వేయింపవలెను. ఇక 2023 మొదలు నూటికి 20 పాళ్లు ఎథనాలు కలిసిన పెట్రోలు అమ్మకమునకు వచ్చి, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. చెరకు, ధాన్యముల నుండి చేయు నీ ద్రవ్యము పాత రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపులోని పొరను మెత్తబరచును, తేమనుగూడ బీల్చుకొనును. గొట్టములను దానికి దట్టుకొను రకమువానితో మార్పించుట మంచిది. పెట్రోలు వాసన యింటిలోనికి వచ్చినచో, ఇంటిలో గ్యాసు వాసన వచ్చినప్పు డెంత జాగ్రత్త వహింతుమో యంత వహింపవలెను.

మరియొక సంగతి. పదిదినముల కొకసారి బండిని షెడ్డులోనే అయిదు నిమిషములు నడిపి యాపివేయుట మంచిదని చాలమంది తలంతురు. అది మేలుకన్న కీడు జేయును. ఇంజను పూర్తిగా వేడెక్కక పోవుటచే నావిరి నీరై సైలెన్సరులోను, నూనెలోను నిలిచిపోవును. పక్షమున కొకసారి కనీస మరగంట రోడ్డుపై ద్రిప్పి తేవలెను. దేవాలయమునకో, పుట్టింటికో పోవుటకు మనకదియే మంచి సాకు.

నాలుగవది యెలుకలు, తీగలు. ధాన్యమున్న యింట నెలుక యుండకమానదు. పాతబండ్లలో తీగలపై నూలు అల్లిక, సీట్లలో పీచు. రెండును ఎలుకకు బ్రియములే. కొఱికిన తీగ బండి యినుమునకు దగిలినచో నిప్పు పుట్టును. వారమున కొకసారి బానెట్టు తెరచి చూచినచో నెలుక సుఖముగా గాపురము పెట్టలేదు. రెండువారములకు మించి బండి కదలనియెడల బ్యాటరీ తీగ విప్పి యుంచుడు. విప్పునప్పుడు బండి యినుముతో గలిసిన తీగను ముందుగా విప్పవలెను; పెట్టునప్పుడు దానిని చివరను బెట్టవలెను. కొన్ని పాతబండ్లలో నా కలిసిన తీగ బ్యాటరీ యొక్క పాజిటివు వైపుది, కొన్నింటిలో నెగెటివు వైపుది; చూడక తారుమారు చేసినచో డైనమో మొదలగునవి చెడును. మా పద్దుపుస్తకము మొదటి పుటలోనే యీ సంగతి యెఱ్ఱసిరాతో వ్రాసియున్నది.

అయిదవది కాగితములు. ఇంగ్లండునందలి యభిమానులు 1919 మొదలు 1930 వరకు చేసిన బండ్లనే వింటేజి యందురు. మన ప్రభుత్వము 2021లో జేసిన నియమముల ప్రకారము, మొదట రిజిస్టరై 50 సంవత్సరములు దాటి, చాసిస్, ఇంజను, పైకట్టు పెద్దమార్పు లేక మొదటి రూపముననే యున్న బండికి వింటేజి రిజిస్ట్రేషను దొరకును. కొత్తగా జేయించుటకు రుసుము 20,000 రూపాయలు. గడువు 10 సంవత్సరములు. కొత్త సంఖ్యలలో 'వీఏ' అను గుర్తుండును. పూర్వమే రిజిస్టరైన బండి పాతసంఖ్యనే నిలుపుకొనవచ్చును. అయితే యట్టి బండిని నిత్యము వాడుటకుగాని, బాడుగకు ద్రిప్పుటకుగాని వీలులేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలునకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కవలెను. పెండ్లిండ్లకు బండిని బాడుగ కిచ్చువా రిది ముందుగా నాలోచింపవలెను. అన్ని కాగితములకన్న విలువగలది మాత్రము పద్దుపుస్తకమే. రబ్బరు సామాను వాడకున్నను మురిగిపోవును. ఎప్పుడు వేసినది వ్రాసియుండనిచో నెప్పుడు మార్చవలెనో యెవరు చెప్పగలరు? చేతిపని తెలిసిన ముసలిమేస్త్రులు ఒక్కొక్కరుగా దాటిపోవుచున్నారు. వారి కుర్చీ ప్రక్కను గూర్చుండి వ్రాసికొనుట సంఘములవారు వెంటనే చేయవలసిన పని.

ఒక హెచ్చరిక గూడ జేసితిమి. జాకీ మాత్రమే పెట్టి యెత్తిన బండి క్రింద నెవరును దూరరాదు. బలమైన స్టాండ్లుగాని, దిట్టమైన దుంగలుగాని యుండవలెను. బ్రేకులు విప్పి కట్టుట తెలిసిన మేస్త్రి పని. చూచుట, వ్రాయుట, అడుగుట మన పని.

మేము కూర్చుండబోవునంతలో నొక పెద్దమనిషి లేచి మర్యాదగానే, "అమ్మగారూ, బాగుగనే చెప్పినారు గాని, ఈ జిడ్డుపనులు ఆడవారికేల?" అని యడిగిరి. అందుకు మేము బెర్తా బెంజు కథ చెప్పితిమి. జర్మనీ దేశమున కార్ల్ బెంజు మోటారుబండిని జేసినను, అది దూరము పోగలదను నమ్మకము జనులకు లేకుండెను. 1888 ఆగస్టులో నాయన భార్య బెర్తా యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు జెప్పకయే యా బండిపై మాన్‌హైము నుండి తన పుట్టినింటికి, ఫోర్జ్‌హైమునకు బయలుదేరెను. దూరము 100 కిలోమీటర్లకు పైమాట. ఇంధనము తక్కువైనప్పు డొక మందులకొట్టులో గొనెను. గొట్టము పూడినప్పుడు టోపీపిన్నుతో బొడిచి బాగుచేసెను. బ్రేకుచెక్క లరిగిపోగా నొక చెప్పులు కుట్టువానిచే వానిపై తోలు వేయించెను. బ్రేకులకు లైనింగు వేయుట యట్లు ఆమెతో మొదలైనదని చెప్పుదురు. "లోకమున మోటారుబండిపై మొదటి దూరప్రయాణము చేసినదియు, దారిలో మరమ్మతు చేసికొన్నదియు పుట్టింటికి బయలుదేరిన యొక ఇల్లాలే నండీ" అంటిమి. ఆయన నవ్వి కూర్చుండిరి. మేమును నవ్వితిమి.

భోజనముల పిమ్మట జరిగిన సంగతి చెప్పి ముగింతుము. పదునాలుగేండ్ల బాలిక యొకతె మా ప్రసంగము విని, బండ్ల వరుస వెంబడి వంగి వంగి చూచుచు బోవుచుండెను. కొవ్వూరువైపు నుండి వంతెన మీదుగా వచ్చిన యొక బండి దగ్గర నాగి తల్లిని బిలిచెను. అది యా సభలోకెల్ల సొగసైన బండి. మెఱుగుచే ముఖము చూచుకొనవచ్చును. దాని ముందు చక్రము లోపలివైపున సన్నని తడి. క్రింద ఇసుకపై రూపాయంత మరక. బండి యజమాని వంగి, వ్రేలితో దాకి చూచి, కొంచెముసే పేమియు మాటలాడలేదు. ఆయన భార్యయు, ఇద్దరు పిల్లలును చెట్టునీడను నిలిచియుండిరి. ఆ సాయంకాలము వారు బస్సులో నింటికి బోయిరి. బండి మరునాడు లారీమీద బోయినది. ఆ తల్లి బస్సెక్కబోవుచు మా చేతులు బట్టుకొని, "మా షెడ్డులోనూ మరక ఉంటోందండి. నేనే కడిగిస్తున్నానండి" అనెను.

కావున సోదరీమణులారా, మీ యింట పాతకారుగాని, స్కూటరుగాని, నిన్ననే కొన్న కొత్తబండిగాని యేదియున్నను, నేడే యొక నోటుపుస్తకము దీయుడు. ఎడమపుటను తేదీయు దూరమును, కుడిపుటను జేసిన పనియు ఖర్చును వ్రాయుడు. మొదటి పంక్తిలో "బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చినది?" అని వ్రాసి, మీవారి నడుగుడు. సమాధానము రాకున్నచో మేస్త్రిని బిలిపింపుడు. మా పద్దు నిప్పుడు మేమును, మా మనుమరాలును జెరియొక నెల వ్రాయుచున్నాము. ఆమె దస్తూరి మా మామగారి దస్తూరివలె నుండదు గాని, తేదీలు మాత్రము తప్పుట లేదు.